చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కోసం పదకొండు వారాలు

మొదటి వారం

చిన్న మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకోగల రకం) కొనాలని నిర్ణయించుకుని రెండు నెలలైనా ఏది కొనాలో తేలకపోవడంతో, ఈసారి కెమెరాల జాబితాను పక్కనపెట్టి ఫోన్‌లో ఇదివరకే ఉన్న నా ఫోటోలతో మొదలుపెట్టాను. గత ఏడాది తీసిన వాటిలో బాగా నచ్చినవి, తీయబోయి పాడుచేసినవి కలిపి 300 ఏరి, ఒక్కొక్కదాని వివరాలలో నమోదైన సమయాన్ని, షట్టర్ వేగాన్ని (వెలుతురును ఎంతసేపు లోపలికి రానిచ్చిందో), ఐఎస్ఓను (వెలుతురును ఎంత పెంచి చూపిందో) కాగితం మీద రాసుకున్నాను. రెండు సాయంత్రాలు పట్టిన విసుగు పని అది. అయితే నేను ప్రకృతి దృశ్యాలు తీసే మనిషిననుకుంటూ వచ్చిన నాకు, ఆ 300లో 190 ఇంటి లోపల దీపాల వెలుతురులో తీసిన మనుషుల ఫోటోలేనని, వాటిలోనూ ఒక్కచోట కుదురుగా ఉండని పిల్లలవే ఎక్కువని అప్పుడే తెలిసింది. పాడైన వాటిలో చాలావరకు 1/30 సెకనులోనో అంతకన్నా నెమ్మదిగానో తీసినవి.

రెండు, మూడు వారాలు

నాకు నేను రెండు షరతులు పెట్టుకున్నాను. బ్యాటరీ, కార్డు, జూమ్ లెన్స్ అన్నీ కలిపి బరువు 550 గ్రాములు దాటకూడదు. కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ ఉండాలి. ఎండలో వెనుక తెర కనబడక ఫోన్‌తో పడిన అవస్థ గుర్తుంది కనుక, తేలికగా ఉన్నప్పటికీ వ్యూఫైండర్ లేని సోనీ జెడ్‌వీ-ఈ10ను, నికాన్ జెడ్30ను మొదటే తీసేశాను.

మిగిలిన వాటిని తయారీదారులు ఇచ్చిన అంకెల ప్రకారం కూడి చూశాను. కానన్ ఆర్50 బాడీ 375 గ్రాములు, 18-45 లెన్స్ (ఈ అంకెలు లెన్స్ ఫోకల్ దూరం, మిల్లీమీటర్లలో; చిన్నదైతే విశాలంగా, పెద్దదైతే దగ్గరగా చూపుతుంది) 130 గ్రాములు, మొత్తం 505. సోనీ ఏ6400 అయితే 403, 16-50 లెన్స్ 116 కలిపి 519. ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 4 బాడీ 383, పలుచని 14-42 లెన్స్ 93 కలిపి 476. నికాన్ జెడ్50 తన 16-50 లెన్స్‌తో 585 దగ్గర తేలింది. దాని పట్టు చేతికి ఎంతో హాయిగా ఉన్నా, షరతు పెట్టుకున్న వారంలోనే దాన్ని సడలించడం ఇష్టంలేక వదిలేశాను.

వెలుతురును బొమ్మగా నమోదుచేసే సెన్సర్ కొలతల గురించి నేను పెద్దగా బెంగపడలేదు. కానన్ వాడే, ఏపీఎస్-సీ అనే కొలత గల సెన్సర్ సుమారు 22.3 × 14.9 మిల్లీమీటర్లు, ఒలింపస్ వాడే మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ 17.3 × 13 మిల్లీమీటర్లు. వైశాల్యంలో ఒకటిన్నర రెట్ల ఈ తేడా కన్నా సెన్సర్ ఎదుట పెట్టే లెన్స్ తెచ్చే తేడా చాలా పెద్దది.

నాలుగో వారం

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఊరించినది ఒలింపస్ బాడీలోనే ఉన్న స్థిరీకరణ. చేయి వణికినప్పుడు సెన్సర్ తానే కదిలి ఆ వణుకును సరిదిద్దుతుంది. తయారీదారు చెప్పే లెక్క 4.5 స్టాపులు (ఒక్కో స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం). మిగిలిన రెండు బాడీలలో ఆ సౌకర్యం లేదు. ఒక మిత్రుని దగ్గర ఆ కెమెరా ఉంటే రెండు రోజులకు అడిగి తెచ్చి, రాత్రి ఒకే దీపం వెలుగులో 1/8 సెకను షట్టర్ వేగంతో పరీక్షించాను. బల్ల మీది పుస్తకాల వెన్నుల మీద అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా వచ్చాయి. అదే వేగంతో బొమ్మలు పేరుస్తున్న పిల్లవాణ్ని తీస్తే వెనుక గోడ స్పష్టంగా ఉంది కానీ, పిల్లవాడి చేతులున్న చోట పొగలాంటి చారలు మిగిలాయి. స్థిరీకరణ నా చేతి వణుకును ఆపగలదు గాని ఎదుటివారి కదలికను ఆపలేదన్న విషయం చదివి ఉన్నదే అయినా, ఆ రెండు ఫోటోలను పక్కపక్కన చూసినప్పుడే మనసుకెక్కింది.

ఫోకస్ విషయంలోనూ తేడా కనబడింది. ఒలింపస్ బాడీ కాంట్రాస్ట్ పద్ధతిలో ఫోకస్ చేస్తుంది. అంటే లెన్స్‌ను ముందుకీ వెనక్కీ జరిపి బొమ్మ ఎక్కడ తేటపడుతుందో వెతుకుతుంది. కానన్, సోనీ బాడీలలో ఉన్న ఫేజ్ పద్ధతి లెన్స్ ఎటువైపు, ఎంత దూరం జరగాలో ముందే లెక్కగడుతుంది. నిలకడగా ఉన్న వస్తువుల విషయంలో ఈ తేడా నా కంటికి ఆనలేదు, కానీ నా వైపు పరుగెత్తుకొచ్చే పిల్లల విషయంలో బాగా తెలిసింది.

ఐదు, ఆరు వారాలు

ఏ6400, ఆర్50 మిగిలాయి. నా 190 ఫోటోలకు కావలసింది 30 మిల్లీమీటర్ల దగ్గర 1.4 అపర్చర్ (లెన్స్ ద్వారం; అంకె చిన్నదైతే ద్వారం పెద్దది, వెలుతురు ఎక్కువ) ఉన్న లెన్స్ అని అప్పటికే తేలిపోయింది. సోనీ వారి ‘ఈ’ మౌంట్‌కు (లెన్స్ బిగించే అమరికకు) అలాంటి లెన్సులు చాలాకాలంగా ఉన్నాయి. కానన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కు 2024 ఏప్రిల్‌లో లెన్సుల తయారీ సంస్థ సిగ్మా తన ఏపీఎస్-సీ లెన్సులను ప్రకటించాకే ఆ లోటు తీరడం మొదలైంది. ఆ జాబితాలో 30 మిల్లీమీటర్ల 1.4 కూడా ఉంది. నేను అంతకు ముందే కొని ఉంటే సోనీయే తీసుకునేవాణ్ని.

చివరికి తేల్చింది తెర మడత. ఏ6400 తెర పైకీ కిందికీ మాత్రమే తిరుగుతుంది. ఆర్50 తెర పక్కకు తెరుచుకుని తిరుగుతుంది. నేల మీద కూర్చున్న పిల్లలను వారి కళ్ళ ఎత్తు నుంచి, కెమెరాను నిలువుగా పట్టుకుని తీయాలంటే మొదటి రకం తెర పక్కకు తిరిగిపోయి పనికిరాదు, రెండవది పనికొస్తుంది. ఆర్50లో సెట్టింగులు మార్చడానికి ఒకే చక్రం ఉండడం వెలితే. దాన్ని తెలిసే ఒప్పుకున్నాను. ఆరో వారం చివర ఆర్50ను 18-45 లెన్స్‌తో తీసుకున్నాను. వెంట మరో బ్యాటరీ, వీ30 అనే వేగం గుర్తు ఉన్న 64 జీబీ కార్డు ఒకటి కొన్నాను.

ఏడు, ఎనిమిది వారాలు

కొన్నాక మొదటి వారం ఇంటి లోపల తీసినవి ఫోన్ ఫోటోల కన్నా నాసిగా వచ్చాయి! ఫోన్ ఒక్క నొక్కుకు అనేక ఫ్రేములు తీసి కలిపేస్తుంది, పైగా ఫోకల్ దూరంతో పోలిస్తే దాని లెన్స్ ద్వారం పెద్దది. నా జూమ్ లెన్స్ 18 దగ్గర 4.5కు, 45 దగ్గర 6.3కు మించి తెరుచుకోదు. ఒకనాటి సాయంత్రం లెక్క ఇది: అపర్చర్ 5.6, షట్టర్ 1/30, ఐఎస్ఓ 6400. ఫోన్‌లో పాడైన ఫోటోలది కూడా ఆ 1/30యే. లెన్స్‌ను తిప్పి బయటికి తీస్తేగాని కెమెరా ఫోటో తీయనివ్వదన్న సంగతి మరచి మరికొన్ని క్షణాలు జారవిడుచుకున్నాను. ఇప్పుడు సంచిలోంచి తీస్తూనే చేయి దానంతటదే తిప్పేస్తోంది.

ఎనిమిదో వారం చేసిన తప్పు పూర్తిగా నాదే. నిద్రపోతున్న పసివాడిని లేపకూడదని శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి, మర్నాడు దాన్ని మార్చకుండానే ఎల్‌ఈడీ దీపాల కింద నలభై ఫోటోలు తీశాను. అన్నిటిలోనూ అడ్డంగా నల్లని పట్టీలు పడ్డాయి. కొన్ని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుమంటాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను వరుస తరువాత వరుసగా చదువుతుంది కనుక, ఆ మినుకు ఫోటోలో పట్టీలుగా నమోదవుతుంది. నిశ్శబ్దం అవసరమైనప్పుడు మాత్రమే, అదీ కిటికీ వెలుగులోనే వాడాలని రాసుకున్నాను.

తొమ్మిది నుంచి పదకొండు వారాలు

30 మిల్లీమీటర్ల 1.4 లెన్స్ వచ్చింది. 5.6 నుంచి 1.4కు నాలుగు స్టాపులు, అంటే 16 రెట్ల వెలుతురు. అదే గదిలో, అదే దీపాల కింద షట్టర్ 1/250కి పెరిగి, ఐఎస్ఓ 3200కు తగ్గింది. నవ్వుతున్న ముఖాలు మొదటిసారి స్పష్టంగా నిలిచాయి.

ఒక చిక్కు తీరేసరికి మరొకటి వచ్చింది. 1.4 దగ్గర, ఒక మీటరు దూరంలో స్పష్టంగా నిలిచే లోతు సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు కాస్త వెనక్కి వాలినా వారి ముఖం మసకబారుతోంది. 2.8కి మూస్తే లోతు రెట్టింపవుతుంది గాని ఐఎస్ఓ 12800కు ఎక్కుతుంది. కొన్నాళ్ళు అటూ ఇటూ మార్చి చూసి, అపర్చర్ 2, షట్టర్ 1/250, ఐఎస్ఓ గరిష్ఠంగా 6400 అన్న లెక్క దగ్గర స్థిరపడ్డాను. దానితోపాటు అర మీటరు వెనక్కి జరుగుతున్నాను. ఒకటిన్నర మీటర్ల దూరంలో ఇదే అపర్చర్‌కు లోతు 19 సెంటీమీటర్ల దాకా వస్తుంది, ఇద్దరి ముఖాలకు సరిపోతుంది.

నా కెమెరాలో గాని ఈ లెన్స్‌లో గాని స్థిరీకరణ లేదు కనుక, రాత్రి వేళ కదలని వస్తువులు తీయాలంటే మిత్రుని ఒలింపస్‌యే నయమని ఇప్పటికీ అనుకుంటాను. నిన్నటి సాయంత్రం తీసిన 84 ఫోటోలలో 31 మసకగా ఉన్నాయి. వాటిలో 22 ఫోకస్ తప్పినవి, తొమ్మిది మాత్రమే కదలిక వల్ల చెడినవి. వచ్చే వారం కంటిని గుర్తించే ఆటోఫోకస్‌ను నిరంతర ఫోకస్‌తో కలిపి వాడి, ఆ 22 ఎంతకు తగ్గుతాయో ఇక్కడే రాస్తాను.