విండోస్, మాక్, లినక్స్: మా డీటీపీ గదికి కంప్యూటర్లు ఎంచుకున్న అనుభవం

విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని మైక్రోసాఫ్ట్ ముందుగానే ప్రకటించింది. అందువల్ల విజయవాడలో మేము నడిపే చిన్న పుస్తక ప్రచురణ సంస్థలో, పుస్తకాల పేజీలు కూర్చే డీటీపీ గది కంప్యూటర్ల మార్పిడి గురించి ఆ వేసవిలోనే ఆలోచన మొదలుపెట్టాము. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆ తరువాతిదో అయిన ప్రాసెసర్ ఉండాలి. మా దగ్గరున్నవి ఆరో తరం ఐ5 యంత్రాలు. పేజీమేకర్‌లో పుస్తకాలు కూర్చడానికి వాటి శక్తి ఈనాటికీ సరిపోతుంది. ఎలాగూ డబ్బు ఖర్చు తప్పదు కాబట్టి, అలవాటు కొద్దీ మళ్లీ విండోస్ కొనేయకుండా, విండోస్, మాక్, లినక్స్ అనే మూడు వేదికలనూ (ఆపరేటింగ్ సిస్టమ్‌లనూ) మా పనితోనే పరీక్షించి చూడాలని నిర్ణయించుకున్నాము.

మా పని స్వరూపం చెప్పకపోతే ఈ పోలికకు అర్థం ఉండదు. మా పాత పుస్తకాలన్నీ పేజీమేకర్ ఫైళ్లలో, యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం) కాని అను ఫాంట్లలో ఉన్నాయి. అలాంటి ఫైలులో నిజానికి ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. ఫాంటు లేని యంత్రంలో అదే పేజీ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన తొలి కూర్పులోనే చోటు దక్కినా, పేజీమేకర్‌కు యూనికోడ్ తెలియదు. 2001లో వచ్చిన 7.0 తరువాత అడోబీ దాన్ని ముందుకు తీసుకుపోలేదు. అప్పటికే దృష్టంతా 1999లో తెచ్చిన ఇన్‌డిజైన్ అనే కొత్త పేజీకూర్పు ప్రోగ్రాము మీద ఉంది. కాబట్టి కొత్త యంత్రం ఎంత వేగంగా పనిచేస్తుందన్నది మాకు రెండో ప్రశ్న. ఇరవై ఏళ్లనాటి ఫైలును రేపు కూడా ఏది తెరుస్తుందన్నది మొదటి ప్రశ్న.

ముందుగా మాక్ చూశాము. పేజీమేకర్ పుట్టిందే మెకింటాష్ మీద. ఆల్డస్ సంస్థ (తరువాత అడోబీలో కలిసిపోయింది) 1985లో దాన్ని విడుదల చేసే నాటికి విండోస్ ఇంకా బయటికి రాలేదు. విండోస్‌కు పేజీమేకర్ 1987లో గాని అందలేదు. అయినా ఈనాటి మాక్‌లో ఆ ప్రోగ్రాముకు చోటు లేదు. యాపిల్ 2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్ చిప్‌లకు మారినప్పుడు పాత మాక్ ఓఎస్ ప్రోగ్రాములను ఆ కొత్త యంత్రాల్లోకి రానివ్వలేదు. 2011లో లయన్ అనే మాక్ ఓఎస్ కూర్పుతో పవర్‌పీసీ ప్రోగ్రాములను, 2019లో కాటలీనా అనే కూర్పుతో పాత తరహా 32 బిట్ ప్రోగ్రాములను వదిలించుకుంది. 2020లో ఎం1తో ఇంటెల్‌నే వదిలి సొంత చిప్‌లకు మళ్లింది. యంత్రమూ చిప్పూ ఆపరేటింగ్ సిస్టమూ ఒకే సంస్థ చేతిలో ఉంటేనే ఇన్ని మలుపులు ఇంత నిబ్బరంగా తిరగడం సాధ్యం. ఆ నిబ్బరానికి మూల్యం చెల్లించేది మాలాగా పాత సరుకు మోస్తున్నవాళ్లే. ఇంకో విశేషమేమిటంటే, మాక్‌ను ఏనాడూ ముట్టని మా ఆపరేటర్లు విండోస్‌లో వేళ్లు పరుగెత్తించే తెలుగు కీబోర్డు అమరిక పేరు మాత్రం ‘యాపిల్’.

పాత ఫైళ్ల సంగతి పక్కనపెట్టి, కొత్త పని కోసం మాక్ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక మిత్రుని దగ్గర మాక్ మినీ తెచ్చి, విండోస్ 11 యంత్రం పక్కన పెట్టుకున్నాము. ‘వైశిష్ట్యం’, ‘లక్ష్మ్యాదులు’, ‘స్త్రీ’ వంటి మాటలతో నింపిన ఒకే పేజీని, మండలి ఫాంటులో, రెండింటిలోనూ ఇన్‌డిజైన్‌లో కూర్చాము. ప్రోగ్రాములో ముందే ఉండే మామూలు కంపోజర్‌తో (పంక్తుల్లో అక్షరాలను అమర్చే భాగంతో) రెండు చోట్లా ఒత్తులు అక్షరం కిందికి చేరక పక్కకు విడిపోయాయి. వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోగానే రెండు చోట్లా సర్దుకున్నాయి. పంక్తులు కూడా ఒకే చోట విరిగాయి, ఎందుకంటే అక్షరాలను అమర్చే పని ఇన్‌డిజైన్ సొంతంగా చేసుకుంటుంది తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కు వదిలిపెట్టదు. ఇక మిగిలిన తేడా తెర. విండోస్ సన్నని గీతలను పిక్సెళ్లకు అనుగుణంగా సర్ది పదునుగా చూపిస్తుంది, మాక్ అక్షరం ఆకారాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది. మా ప్రూఫ్‌రీడరు గారు మాక్ తెరకే ఓటు వేశారు. ఆ ఓటు న్యాయమైనదే అయినా, అప్పట్లో రూ. 59,900కు మొదలైన ఎం4 మాక్ మినీలో తరువాత మెమరీ పెంచుకునే వీలు లేకపోవడం నాకు నచ్చలేదు.

లినక్స్ విషయంలో ఇబ్బంది ఇంకో వైపు నుంచి వచ్చింది. విండోస్ 11కు పనికిరాని మా పాత యంత్రం మీదే లినక్స్ మింట్ అనే లినక్స్ రకం వేస్తే, అది హాయిగా నడిచింది. లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాములో మా పరీక్ష పేజీ తొలిసారే తప్పు లేకుండా వచ్చింది. సిలికానాంధ్ర అనే తెలుగు సాంస్కృతిక సంస్థ విడుదల చేయించిన ఉచిత తెలుగు ఫాంట్లు ఎలాగూ అన్ని వేదికల మీదా పనిచేస్తాయి. అయితే లినక్స్‌కు ఇన్‌డిజైన్ లేదు. స్క్రైబస్ 1.6 అనే ఉచిత పేజీకూర్పు ప్రోగ్రాముతో చిన్న పుస్తకం కూర్చవచ్చు గాని, ముద్రాపకులూ బయటి డిజైనర్లూ మాకు పంపేవి ఇన్‌డిజైన్ ఫైళ్లే. లినక్స్ రకాల్లో ఉబుంటు వెనుక కెనానికల్, ఫెడోరా వెనుక రెడ్‌హ్యాట్ వంటి సంస్థలు ఉన్నా, వాటి ఆదాయం ప్రధానంగా సర్వర్ల మీద వచ్చేదే. కాబట్టి డీటీపీ గది అవసరాల కోసం అవి ప్రత్యేకంగా శ్రమిస్తాయని ఆశించడం సరికాదని నాకు అనిపించింది.

చివరికి మిగిలింది విండోస్. మైక్రోసాఫ్ట్ వ్యాపారం మొదటినుంచీ ఇతరులు తయారుచేసే యంత్రాల మీదా, వేల సంఖ్యలో లైసెన్సులు కొనే సంస్థల మీదా ఆధారపడినది. ఆ సంస్థలు పాత ప్రోగ్రాములు వదులుకోవడానికి ఒప్పుకోవు. అందుకే 32 బిట్ ప్రోగ్రాములు ఈనాటికీ విండోస్ 11లో నడుస్తాయి, మా పేజీమేకర్ కూడా అక్కడ తెరుచుకుంది. ఇంత ఓపికగా ప్రోగ్రాములను కాపాడే సంస్థ, నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాలను ఒక చిప్ పేరు చెప్పి పక్కన పెట్టించడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. డబ్బు కట్టి విండోస్ 10 సవరణలను పొడిగించుకునే మార్గం ఉన్నా, సంస్థలకు దాని ధర ఏటా రెట్టింపవుతుంది కాబట్టి అటు వెళ్లలేదు.

కూర్పు పనికి విండోస్ 11 యంత్రాలు కొన్నాము. పాతవాటిలో లినక్స్ మింట్ వేసి ప్రూఫులకూ ఉత్తరప్రత్యుత్తరాలకూ కేటాయించాము. ఒక్క పాత యంత్రాన్ని మాత్రం విండోస్ 10తోనే, ఇంటర్నెట్ తీగ పీకేసి, పేజీమేకర్ ఫైళ్ల కోసం ఉంచాము. ఇన్‌డిజైన్‌లో సీఎస్6 తరువాతి కూర్పులు పేజీమేకర్ ఫైళ్లను నేరుగా తెరవవు కనుక, పునర్ముద్రణకు వచ్చిన పుస్తకాన్ని ఆ యంత్రంలో తెరిచి, పాఠాన్ని బయటికి తీసి, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ మొదటినుంచి ప్రూఫు చూస్తున్నాము. మార్పిడిలో అరసున్నలూ జంట ఒత్తులూ ఎక్కువగా దెబ్బతింటున్నాయి కాబట్టి, పాత పద్యాలున్న పుస్తకాలను మాత్రం మార్చకుండా పేజీమేకర్ నుంచే పీడీఎఫ్ తీసి ముద్రణకు పంపుతున్నాము.