బేస్ గిటార్ వినపడటానికి మూడు వారాలు పట్టింది

నిన్న రాత్రి మా హాల్లో బేస్ గిటార్ వినిపించింది. మూడు వారాల కిందట డబ్బు కట్టి తెచ్చుకున్న స్పీకర్ బాక్సుల్లోంచి, మొదటిసారి.

మాది కావలి. చదువుకునే రోజుల్లో తిరునాళ్లకు ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాణ్ణి. ఇళయరాజా పాటల్ని ఇప్పటికీ ఆ తీగ వెంటే వింటాను. అందుకే సౌండ్ బార్ వద్దనుకుని స్టీరియో యాంప్లిఫయర్, 8 అంగుళాల వూఫర్ (లోతు శబ్దాలు పలికే స్పీకర్) ఉన్న రెండు బాక్సులు తీసుకోవాలని ముందే అనుకున్నాను. నెల్లూరు వెళ్తే ఒక్క పూటలో పనయిపోయింది. సేల్స్ అబ్బాయి మాత్రం "ఐదు వేల వాట్లు సార్" అంటూ ఒక హోం థియేటర్ అంటగట్టబోయాడు. అది పీఎంపీఓ లెక్క, అంటే ఒక్క క్షణం పాటు రాగలదని చెప్పుకునే గరిష్ఠ శక్తి. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతే లేదు. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) ఎంతో అడగండి. చెప్పకపోతే లేచి వచ్చేయండి.

షాపు కుర్రాడే ఇంటికొచ్చి బిగించి, పాట మోగగానే వెళ్లిపోయాడు. గొంతు ఉంది, తబలా ఉంది, బేస్ లేదు. గోడ మూలల్లో పెడితే బేస్ పెరుగుతుందని బాక్సులు అటు జరిపాను. ఏమీ మారలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. చివరికి బస్సెక్కి మళ్లీ వెళ్లాను.

కౌంటర్ దగ్గర పదిమంది ఉన్నారు. ఓనరు తలెత్తకుండానే "మీ వయసెంత సార్?" అన్నాడు. యాభై నాలుగన్నాను.

"అదీ సంగతి. వయసొస్తే బేస్ వినపడదు. మా మాల్‌లో తేడా ఉండదు, చెవుల డాక్టరుకి చూపించుకోండి."

వెనక ఎవరో నవ్వారు. తల కొట్టేసినట్టయింది. బాలు గారిని మావాడని చెప్పుకునే ఊళ్లో, పాట వినడానికి వచ్చిన మనిషితో మాట్లాడే తీరా అది? వయసుతో ముందుగా తగ్గేది సన్నటి, పైస్థాయి శబ్దాలు వినడం. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్‌లో మోగుతుంది, అది బాగా కిందిస్థాయి శబ్దం. ఈ మాట అక్కడే అనాల్సింది. గొంతు పెగల్లేదు. కావలి వచ్చిందాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మా వీధిలో మైకు సెట్లు అద్దెకిచ్చే తమ్ముడు సంగతి విని, టార్చిలైటు సెల్లు ఒకటి పట్టుకొచ్చాడు. "ఇట్టా చూడన్నా" అని యాంప్లిఫయర్ వెనక వైర్లు ఊడదీశాడు. ఎర్ర కొన సెల్లు ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఒక్క క్షణం తాకించాడు. ఎడమ వూఫర్ టప్పున ముందుకొచ్చింది. కుడిది లోపలికి పోయింది. కుడి బాక్సు వెనక వైర్లు తారుమారుగా బిగించారు. ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాగుతోంది, లోతు శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. రెండు వైర్లు మార్చాడు, అంతే. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగి వెళ్లాడు.

బిగించడానికి వచ్చినవాణ్ణి మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పూర్తిగా వినేదాకా గడప దాటనివ్వకండి.

ఆదివారం మా పాత డ్రమ్మర్ వస్తున్నాడు. బాక్సులకు సరిగ్గా మధ్యలో కుర్చీ వేసి ఉంచాను.