అరుదుకీ కరువుకీ తేడా

మన బడిలో ఇంగ్లీషు చదివినవాళ్ళకి నల్లబల్ల కుడివైపున అడ్డంగా కొట్టేసి ఉండే "వెరీ గుడ్" గుర్తుండే ఉంటుంది. వ్యాసం రాయించే పీరియడ్‌లో మాస్టారు ముందు ఆ రెండు మాటలూ రాసి, వెంటనే కొట్టేసేవారు. బదులుగా ఏ మాట వాడాలో చెప్పేముందు అడిగేది ఒకటే: "దాన్ని గొప్పదని ఎందుకంటున్నావు? తక్కువగా దొరుకుతుందనా, పనితనం బాగుందనా, జత లేదనా?" జవాబును బట్టి మాట మారేది. గొప్పదనాన్ని చెప్పే ఇంగ్లీషు విశేషణాలు ఎన్ని ఉన్నా, ఎంచుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చే దారి లేదు.

రేర్, స్కేర్స్ రెండింటికీ "అరుదు" అని రాసుకుంటే తప్పు అక్కడే మొదలవుతుంది. లోకంలో ఉన్నవే కొన్నయితే రేర్. అవసరానికి చాలకపోతే స్కేర్స్. పాత నాణెం అరుదు, ఎండాకాలంలో తాగేనీటికి కరువు. "గుడ్ డాక్టర్స్ ఆర్ రేర్" అంటే ఉన్న కొద్దిమందినీ మెచ్చుకోవడం. "డాక్టర్స్ ఆర్ స్కేర్స్" అంటే ఊరి గోడు. స్పెల్లింగు చూసి స్కార్స్ అని పలకకండి, మచ్చలు అన్నట్టు వినబడుతుంది. రేర్ అన్న ప్రతిదీ అరుదు కాదు కూడా. రేర్ ఎర్త్స్ అనే 17 మూలకాల్లో సీరియం భూమి పైపొరలో దాదాపు రాగి అంత ఉంది. మొదట దొరికిన ఖనిజాలు అరుదైనవి కావడంతో ఆ పేరు పడింది, ఆ తర్వాత మారలేదు.

ఎక్కువమంది జారేది యునీక్ దగ్గర. లాటిన్‌లో దాని మూలానికి "ఒకే ఒక్కటి" అని అర్థం. ముందు వెరీ పెట్టవచ్చో లేదో తేల్చుకోవడానికి తెలుగు మాటకి "చాలా" తగిలించి చూడండి. చాలా అరుదు, బాగానే ఉంది. చాలా అద్వితీయం, చెవికి గుచ్చుకుంటుంది. రెండోది లేనిదానికి చాలా ఏమిటి, కొంచెం ఏమిటి? సాటిలేనిది అని చెప్పే పీర్‌లెస్, అన్‌పారలల్డ్ కూడా ఇంతే. ఆల్మోస్ట్ యునీక్ మాత్రం సరైనదే, గీత దాకా వచ్చి ఆగింది కాబట్టి. వెరీ యునీక్ అని ఇంగ్లీషువాళ్ళే అంటున్నారు, అచ్చులోనూ కనిపిస్తోంది. అయినా పరీక్షలో, ఉద్యోగ దరఖాస్తులో రాయకపోవడమే మేలు. సుపర్బ్, మాగ్నిఫిసెంట్ లాంటివాటికి బలం కావాలంటే వెరీ బదులు యాబ్సల్యూట్లీ నప్పుతుంది. ఇక ఆర్టికల్ సంగతి: యునీక్‌ని తెలుగులో రాసి చూస్తే మొదటి అక్షరం య, అంటే హల్లు. అందుకే "ఎ యునీక్". ఎక్స్‌క్విజిట్ ముందు మాత్రం "యాన్".

ఈ మాటలు సాధన చేయడానికి పాలంపేట రామప్ప గుడి ఒక్కటి చాలు. 1213 నాటి కట్టడం. ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకారపు పీఠం మీద నిలబడ్డ గుడి మొత్తానికి మాగ్నిఫిసెంట్ అనాలి, లాటిన్‌లో మాగ్నుస్ అంటే పెద్దది. చూరు కింద నల్లరాతి మదనికల, అంటే స్త్రీ శిల్పాల, దగ్గరికి వెళ్ళి, వాళ్ళ ఒంటి మీది నగల చెక్కడం చూస్తే వచ్చే మాట ఎక్స్‌క్విజిట్. వెతికి వెతికి ఎంచినది అని దాని మూలార్థం. సన్నపనికీ సున్నితమైన అభిరుచికీ చెందిన మాట. కొండకో, జాతర జనానికో వాడితే అతకదు. డాక్టరు చీటీలో ఎక్స్‌క్విజిట్ టెండర్‌నెస్ అని ఉంటే మాత్రం ముట్టుకుంటే ఓర్చుకోలేని నొప్పి అని అర్థం. శిఖరంలో వాడిన, నీళ్ళ మీద తేలే ఇటుకల్ని చటుక్కున యునీక్ అనేయకండి. ఇంకెక్కడా లేవని తేలాకే ఆ మాట. అందాకా రిమార్కబుల్ చాలు, "గమనించదగ్గది" అన్నంత వరకే అది చెబుతుంది.

కొన్ని మాటలు పైకి ఒకలా ఉంటాయి, లోపల ఇంకోలా. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిదనుకుంటారు. మన "అమూల్యం"లో అ ఎలా పనిచేస్తుందో ఆ మాటలో ఇన్ అలాగే పనిచేస్తుంది: వెల కట్టలేనిది. విలువ లేనిది వాల్యూలెస్. ఎక్సెప్షనల్ పొగడ్త, ఎక్సెప్షనబుల్ అంటే అభ్యంతరకరం. రెండు అక్షరాల తేడాతో సన్మానపత్రం నిందాపత్రమైపోతుంది. అవుట్‌స్టాండింగ్ మార్కుల కార్డులో మెప్పు, ఆఫీసు రిజిస్టరులో బకాయి. అన్నిటికన్నా ప్రమాదం ఇగ్రీజియస్‌తో. "మందలోంచి వేరుగా నిలిచిన" అని మూలార్థం, ఒకప్పుడు నిజంగానే పొగడ్త. ఇప్పుడు ఘోరమైన తప్పుకే వాడతారు. పాత నిఘంటువు పట్టుకుని ఉపాధ్యాయుల్ని మెచ్చుకోబోయేవాళ్ళు ఈ ఒక్కమాట దగ్గర ఆగాలి.

తీర్పుల వార్తల్లో వినే "రేరెస్ట్ ఆఫ్ రేర్" 1980లో సుప్రీంకోర్టు మరణశిక్షకి పెట్టిన కొలత. మామూలు మెప్పుకి దాన్ని లాక్కురావడం నాకు నచ్చదు. నాణెం గురించైతే "వన్ ఆఫ్ ద రేరెస్ట్ కాయిన్స్" అంటే సరిపోతుంది. రేరెస్ట్ ముందు మోస్ట్ అక్కర్లేదు. కాయిన్స్ చివర ఎస్ మాత్రం వదలకూడదు. అనుమానం వస్తే తెలుగులో అనుకోండి: అరుదైన నాణేల్లో ఒకటి. నాణెంలో ఒకటి అని మనమూ అనం.