పాత ఇటుక ఫైర్‌ప్లేస్‌కు రంగు వేశాం, మసి చుక్కలు చూపించింది

హాల్లో ఉన్న పాత ఇటుక ఫైర్‌ప్లేస్ మొత్తానికి తెల్లబడింది. కోపం చల్లారితే సగం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

బూడిద ఎత్తడం, నేల మీద గుడ్డ పరచడం, పైనున్న చెక్క పలకకు మాస్కింగ్ టేప్ అంటించడం ఒక పూటలో అయిపోయాయి. కింది వరసల్లో తెల్లగా ఉప్పు తేలి ఉంటే పొడి బ్రష్‌తో దులిపాను. దులిపినా మళ్లీ వస్తోందంటే ఎక్కడో తడి దిగుతున్నట్టే. ముందు అది ఆపాలి, లేకపోతే రంగు పెచ్చులుగా రాలుతుంది.

ఏడిపించింది మసి. పొయ్యి నోటి పైన ఏళ్ల తరబడి పట్టిన నలుపు. సబ్బునీళ్లకు లొంగలేదు. గ్లవ్స్ వేసుకుని ట్రైసోడియం ఫాస్ఫేట్ (జిడ్డు వదిలించే ఘాటైన పొడి) కలిపిన నీళ్లతో తోమితే నల్లటి నీళ్లు కారాయి. మంచినీళ్లతో కడిగి బాగా ఆరనిచ్చాం.

రంగుల షాపతనికి ఇటుక అనీ, మసి పట్టిందనీ విడమరిచి చెప్పాను. "ఇందులోనే ప్రైమర్ ఉంది మేడమ్, వేరే అక్కర్లేదు" అని డబ్బా అంటగట్టాడు. ప్రైమర్ అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత. రాత్రికి గోడ మెరిసిపోయింది. తెల్లారేసరికి పొయ్యి నోటి పైన పసుపుపచ్చ మరకలు! ఇంకో కోటు వేస్తే దాని మీదకీ అవే మరకలు లేచి వచ్చాయి. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు వచ్చి "ఇది కొత్త డిజైనా వదినా?" అంది. మా ఆయన పేపర్ వెనక నవ్వుకుంటున్నారు.

షాపుకెళ్లి అడిగితే, "మీరు సరిగ్గా కడిగుండరు" అన్నాడు, అదీ పదిమంది ముందు. నా చేతులు చూపించాల్సింది, తోమి తోమి చర్మం ఊడింది. పక్కన బ్రష్‌లు కొంటున్న పెద్దాయన ఒకరు కల్పించుకున్నారు. "ఇటుక పీల్చుకున్న పొగ జిడ్డు కడిగితే పోదమ్మా. నీళ్లతో చేసిన రంగు వేస్తే ఆ తడితోపాటు పైకి వచ్చేస్తుంది. షెల్లాక్ ప్రైమర్, అంటే లక్కతో చేసిన అడుగు పూత వేసి మరకను లోపలే బిగించాలి" అన్నారు. షాపతను అప్పుడు గానీ ఆ డబ్బా కిందికి దించలేదు. ఉండీ ఇవ్వని మనిషిని ఏమనాలి?

ఆ ప్రైమర్ వాసన ఘాటుగా ఉంటుంది, నిప్పుకు దూరంగా, కిటికీలన్నీ తీసే వేయాలి. గంటలోపే ఆరిపోయింది. దాని మీద అదే తెల్లరంగు వేస్తే ఒక్క మరక రాలేదు. ముందు ఇటుకల మధ్య దరజల్లో బ్రష్‌తో, తర్వాత పైన దట్టమైన ఊలు రోలర్‌తో వేశాను. మామూలు రోలర్ ఇటుక గుంటల్లోకి దిగదు. పనివాళ్లను పిలిచినా ఇంత నీట్‌గా వేయరు, ఆడపడుచు ఫోటో అడిగి మరీ తీసుకుంది.

మంట మండే లోపలి గూడుకు కూడా అదే రంగు చాలన్నాడు ఆ షాపతను. నమ్మకండి. అక్కడ దాదాపు 650 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకునే ప్రత్యేక పెయింట్ కావాలి, మామూలుది మాడి కంపు కొడుతుంది. మేం లోపల ముట్టుకోలేదు, నల్లగానే వదిలేశాం.