ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరనప్పుడు: నా అనుభవం

ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటర్ బోర్డులో ఒక బొమ్మ వెలుగుతుంది. సీట్లో కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బుడగ. ఐదారు సెకన్లు వెలిగి ఆరిపోతే అంతా సవ్యంగా ఉన్నట్టు. నేను తీసుకున్న సెకండ్ హ్యాండ్ సెడాన్‌లో, కొత్త సీటు కవర్లు వేయించిన మర్నాటి నుంచి అది ఆరడం మానేసింది. అంతకు వారం ముందు నుంచే హారన్ కూడా ఒక్కోసారి మోగేది కాదు, స్టీరింగ్ కాస్త తిప్పితే మోగేది. లైటుకు కారణం కవర్లా, హారన్ లోపమా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. చివరికి రెండూ కారణమే అని తేలింది.

ఈ లైటు వెలుగుతున్నా కారు మామూలుగానే నడుస్తుంది, మైలేజీ కూడా తగ్గదు. అందుకే చాలామంది నెలల తరబడి అలాగే తిప్పేస్తారు. లోపం కనిపించినప్పుడు ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ఆ ఒక్క భాగాన్నే పక్కన పెట్టొచ్చు, మొత్తం వ్యవస్థనే ఆపేయొచ్చు. ఏది జరిగిందో డ్రైవరు సీట్లో కూర్చుంటే తెలియదు. బాగు చేయించేదాకా ఎయిర్‌బ్యాగులు లేని కారు అనుకునే నడపాలి.

అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. గుద్దిన కారుకు బ్యాగులు మార్చకుండా అమ్మేవాళ్లు బల్బు పీకేస్తారు, లేదా ఆ లైటు వైరును ఆయిల్ లైటుతో కలిపేస్తారు. దీన్ని పట్టుకోవడానికి ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ వరకే తిప్పి చూడాలి. అసలైన ఎయిర్‌బ్యాగ్ లైటు ఆయిల్, బ్యాటరీ లైట్లు వెలుగుతుండగానే తనంతట తాను ఆరిపోతుంది. వాటితో కలిసి ఇంజన్ స్టార్ట్ అయ్యాకే ఆరితే ఎవరో వైరు కలిపినట్టే. పాత కారు కొనేటప్పుడు ఈ పరీక్షకు పది సెకన్లు చాలు.

మరమ్మతులో ఏ పని ఎందుకు చేస్తామో అర్థం కావాలంటే లోపలి సంగతి కొంత తెలియాలి. కంప్యూటర్ రెండు ముందు సీట్ల మధ్య, గేర్ దగ్గర కన్సోల్ కింద నేలకు బిగించి ఉంటుంది. దాంట్లోనే వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందో కొలిచే సెన్సర్ ఉంటుంది. ముందు బంపర్ వెనక, రేడియేటర్ ఫ్రేము దగ్గర ఇంకో ఒకటి రెండు సెన్సర్లు ఉంటాయి. గుద్దిన తర్వాత 15 నుంచి 30 మిల్లీసెకన్లలో కంప్యూటర్ నిర్ణయం తీసుకుని బ్యాగు వెనకున్న ఇన్‌ఫ్లేటర్‌కు, అంటే బ్యాగును వాయువుతో నింపే భాగానికి, కరెంటు పంపుతుంది. అందులోని సన్నటి తీగ వేడెక్కి పేలుడు మందు అంటుకుంటుంది. పాత రకాల్లో సోడియం అజైడ్ వాడేవారు, కొత్తవాటిలో ఎక్కువగా గ్వానిడిన్ నైట్రేట్. వచ్చే వాయువుల్లో ముఖ్యమైనది నైట్రోజన్. డ్రైవర్ ముందున్న సుమారు 60 లీటర్ల సంచి మరో 30 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. రెప్పపాటు అంటామే, దానికే 100 మిల్లీసెకన్ల పైన పడుతుంది. నిండిన వెంటనే వెనక ఉన్న రంధ్రాల గుండా గాలి బయటికి పోతుంది. అలా పోకపోతే మనిషి బండకు తగిలినట్టే. తర్వాత కారంతా పొగలా కనిపించేది ఎక్కువగా సంచి మడతలు అతుక్కోకుండా చల్లిన పొడి. కళ్లు, చర్మం మండితే నీళ్లతో కడుక్కోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం వెంటనే బయటికి రావాలి.

ఆ ఇన్‌ఫ్లేటర్ తీగ నిరోధం సుమారు 2 ఓమ్‌లు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ కంప్యూటర్ అతి స్వల్ప కరెంటు పంపి ఈ 2 ఓమ్‌లు ఉన్నాయా అని చూసుకుంటూనే ఉంటుంది. కనెక్టర్ వదులై, తుప్పో దుమ్మో చేరి నిరోధం కాస్త పెరిగినా చాలు, లైటు వెలుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ లైటు సమస్యల్లో కనెక్టర్లు, వైర్ల వాటా పెద్దది. షెడ్డుకు వెళ్లగానే "కంప్యూటర్ పోయింది" అనే మాట నమ్మనవసరం లేదు.

మొదటి పని స్కానింగ్. ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ పోర్టుకు తగిలించే చిన్న పరికరం) ఎక్కువగా ఇంజన్ లోపాల కోడ్‌లే చదువుతుంది. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌తో మాట్లాడాలంటే ఎస్‌ఆర్‌ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను, చదివే స్కానర్ కావాలి. ఈ కోడ్‌లు ఎక్కువగా 'బి' అక్షరంతో మొదలవుతాయి. ఎలక్ట్రీషియన్‌ను నేను అడిగినవి రెండు: కోడ్‌లు తుడిచే ముందు ఫోటో తీసుకోనివ్వమని, ఒక్కో కోడ్ ఇప్పుడు ఉన్నదా, గతంలో వచ్చి పోయినదా చూపించమని. నా కారులో రెండు వచ్చాయి. డ్రైవర్ సీటు పక్క ఎయిర్‌బ్యాగ్‌కు నిరోధం ఎక్కువ అని ఒకటి, ఇది ఇప్పటి లోపం. డ్రైవర్ ముందు బ్యాగు సర్క్యూట్ తెగినట్టు ఇంకొకటి, ఇది వచ్చి పోతున్న లోపం. అంతకు ముందు అడిగిన ఒక చోట స్కాన్ కూడా చేయకుండానే, బ్యాగు బదులు రెండు ఓమ్‌ల నిరోధం ఉన్న చిన్న ముక్క, రెసిస్టర్, పెట్టేస్తే లైటు పోతుందన్నారు. లైటు పోతుంది, నిజమే. గుద్దినప్పుడు కంప్యూటర్ ఆ రెసిస్టర్‌కు కరెంటు పంపుతుంది, బ్యాగు మాత్రం తెరుచుకోదు.

సీటు కింద లోపం సులువైనదే. సీటులోనే పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లకూ కనెక్టర్లకూ పసుపు రంగు వాడేది చూడగానే తెలియాలనే. కవర్లు లాగి బిగించేటప్పుడు అది సగం ఊడింది. వ్యాక్యూమ్ గొట్టం తగిలినా, సీటు కింద నీళ్ల సీసా దొర్లినా, రాత్రి ఎలుక దూరినా ఇదే జరుగుతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టి, పది నిమిషాలు ఆగాం. ప్రమాదంలో బ్యాటరీ పగిలిపోయినా బ్యాగు తెరుచుకోవాలని కంప్యూటర్‌లో కెపాసిటర్లు పెడతారు. బ్యాటరీ తీసిన తర్వాత కూడా వాటిలో కాసేపు చార్జి నిలుస్తుంది. కొన్ని కంపెనీల మాన్యువల్ 90 సెకన్లు చాలంటుంది, కొన్ని ఇంకా ఎక్కువ చెబుతాయి. ఇక్కడ తొందరపడి ఆదా చేసుకునేది ఏమీ లేదు. కనెక్టర్ విప్పి, పిన్నులు వంగలేదని చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కి, రెండో లాకు కూడా వేశాం. వైరును సీటు పట్టాలకు తగలకుండా జిప్ టైతో కట్టాం.

కవరు సంగతి వేరే. పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు వీపు బయటి అంచు కుట్టును చీల్చుకుని వస్తుంది. అక్కడ "ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్" అని చిన్న ట్యాగు ఉంటుంది. దాని మీద మందపాటి రెక్సిన్ కవరు బిగిస్తే బ్యాగు రావడం ఆలస్యమవుతుంది, లేదా తప్పు దిక్కుకు పోతుంది. తలుపుకూ మనిషికీ మధ్య ఉన్న జాగా అరచేతి వెడల్పే కాబట్టి ఈ బ్యాగు ముందు బ్యాగు కంటే త్వరగా తెరుచుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్లకని ప్రత్యేకంగా, ఆ అంచున తేలిగ్గా చిరిగే కుట్టుతో చేసిన కవర్లు దొరుకుతాయి. నేను ముందు సీట్ల కవర్లు రెండూ తీయించేశాను.

ఇక హారన్. స్టీరింగ్ తిరుగుతుంది, దాని కింద స్తంభం కదలదు. ఈ రెంటి మధ్య వైర్లు తెగకుండా ఉండటానికి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో చుట్టిన పల్చటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. షెడ్డుల్లో దీన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు, కొందరు స్పైరల్ కేబుల్ అంటారు. హారన్, స్టీరింగ్ మీది ఆడియో బటన్లు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కరెంటు, అన్నీ ఇందులోంచే పోతాయి. ఏళ్ల తరబడి మడతపడి మడతపడి రిబ్బన్ తెగుతుంది. హారన్ స్టీరింగ్ స్థానాన్ని బట్టి మోగుతూ, మానుతూ ఉంటే ముందు దీన్నే అనుమానించాలి.

ఈ పని సొంతంగా చేయమని ఎవరికీ చెప్పను. విప్పింది ఎలక్ట్రీషియన్, పక్కన సర్వీస్ మాన్యువల్ పట్టుకుని నిలబడింది నేను. ముందు చక్రాలు తిన్నగా పెట్టాలి. స్టీరింగ్ వెనక ఉన్న రంధ్రాల గుండా క్లిప్పులు నొక్కితే (కొన్ని కార్లలో స్టార్ స్క్రూలు) బ్యాగు మాడ్యూల్ ఊడుతుంది. కనెక్టర్ మీది చిన్న లాకును పల్చటి స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి, అప్పుడు లాగాలి. మాడ్యూల్‌ను మోసేటప్పుడు బ్యాగు తెరుచుకునే ముఖం ఒంటికి అవతలి వైపు ఉండాలి. బల్ల మీద పెట్టేటప్పుడు ఆ ముఖం పైకి. బోర్లా పెట్టి పొరపాటున పేలితే మాడ్యూల్ మొత్తం తూటాలా పైకి లేస్తుంది.

అప్పుడే ఎలక్ట్రీషియన్ అలవాటుగా, నిరోధం కొలవడానికి మల్టీమీటర్ తీశాడు. "అన్నా, బ్యాగుకు పెట్టొద్దు" అని ఆపాను. చాలా ఇన్‌ఫ్లేటర్లు పేలడానికి 1.2 ఆంపియర్లు 2 మిల్లీసెకన్లు చాలు. మీటరు ఇచ్చే కరెంటు అంతకంటే చాలా తక్కువే, అయినా ఏ తయారీదారూ దీనికి ఒప్పుకోడు. బ్యాగు బదులు రెండు ఓమ్‌ల డమ్మీ ప్లగ్ పెట్టి స్కాన్ చేస్తే లోపం బ్యాగులో ఉందా, వైరులో ఉందా తేలిపోతుంది. రెసిస్టర్‌కు ఉన్న సరైన ఉపయోగం ఇదొక్కటే.

స్టీరింగ్ నట్టును పూర్తిగా తీయకుండా మూడు నాలుగు చుట్లు వదిలి లాగాలి, లేదంటే పట్టు వదిలిన స్టీరింగ్ మొహానికి తగులుతుంది. షాఫ్టుకూ స్టీరింగుకూ కలిపి మార్కరుతో గీత పెట్టుకోవాలి. కొత్త క్లాక్ స్ప్రింగ్ మధ్య స్థానంలో లాకు పిన్నుతో వస్తుంది. బిగించేదాకా ఆ పిన్ను తీయకూడదు. ముందే ఊడిపోతే ఒక వైపు ఆగేదాకా మెల్లగా తిప్పి, మొత్తం ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి, సగం వెనక్కి వచ్చి బాణం గుర్తులు కలపాలి. మధ్యలో లేకుండా బిగిస్తే మొదటి యూటర్న్‌లోనే రిబ్బన్ తెగిపోవచ్చు. సస్పెన్షన్ పని చేయించేటప్పుడు షాఫ్టు విప్పి స్టీరింగ్‌ను వదిలేస్తే అది గిర్రున తిరిగి ఇదే పని జరుగుతుంది, బిల్లు మాత్రం మనకు వస్తుంది. పాత ముక్క చవగ్గా తెస్తామన్నారు, వద్దన్నాను. లోపల రిబ్బన్ ఎంత అలిసిపోయిందో పైకి కనపడదు. నట్టును మాన్యువల్‌లో ఇచ్చిన టార్కుకు (బిగింపు బలానికి), టార్క్ రెంచ్‌తోనే బిగించాం. కొన్ని కార్లలో స్టీరింగ్ కోణం కొలిచే సెన్సర్ కూడా ఇందులోనే ఉంటుంది. అప్పుడు స్కానర్‌తో మళ్లీ సున్నా చేయాలి.

బ్యాటరీ కలిపేటప్పుడు కారులో ఎవరూ కూర్చోకూడదు. పక్క నుంచి చెయ్యి పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి, కోడ్‌లు తుడిచి, లైటు ఆరడం చూశాం. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి ఐదుసార్లు తిప్పి, గుంతల రోడ్డు మీద 20 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ స్కాన్ చేస్తే ఏ కోడూ లేదు.

ఆ పూట కంప్యూటర్ చుట్టూ కార్పెట్ కూడా ఎత్తి చూశాం. అది నేల మీద ఉండేది కాబట్టి కారులోకి నీళ్లొస్తే మొదట తడిసే వాటిలో అదొకటి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లెన్నో. సెకండ్ హ్యాండ్ కారులో సీటు బోల్టుల తుప్పు, కార్పెట్ కింద ఎండిన ఒండ్రు కనిపిస్తే ఎయిర్‌బ్యాగ్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. 17 అక్షరాల ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి రీకాల్, అంటే లోపమున్న భాగాన్ని మార్చడానికి కంపెనీ కారును వెనక్కి పిలవడం, పెండింగ్ ఉందేమో కూడా చూశాను. జపాన్ కంపెనీ టకాటా తయారు చేసిన ఇన్‌ఫ్లేటర్ల రీకాల్ ప్రపంచమంతా కోట్ల కార్లకు పాకింది. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకూ ఏళ్ల తరబడి పాడై, పేలినప్పుడు లోహపు ముక్కలు చిమ్మింది. కాకినాడ, నెల్లూరు లాంటి ఉక్కపోత ఊళ్లలో తిరిగిన పాత కారుకు ఈ తనిఖీ మరీ అవసరం.

లైటు ఆరాక మిగిలింది కూర్చునే తీరు. రొమ్ము ఎముకకూ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలని టేపు పెట్టి కొలిచాను. బ్యాగు తెరుచుకునే మొదటి 5 నుంచి 8 సెంటీమీటర్లలోనే దెబ్బ తీవ్రంగా ఉంటుంది. పొట్టివాళ్లు సీటు వీపు కాస్త వెనక్కి వాల్చి, స్టీరింగ్ కిందికి దించి బ్యాగు ఛాతీ వైపు చూసేలా పెట్టుకోవాలి. చేతులు గడియారంలో 9, 3 అంకెల దగ్గర. పైన 12 దగ్గర చెయ్యి పెడితే ఆ చెయ్యే మొహానికి కొడుతుంది. బెల్టు లేకుండా బ్యాగు ఒక్కటే కాపాడదు. బ్రేకు వేయగానే మనిషి ముందుకు జారి, తెరుచుకునే బ్యాగు మీదే పడతాడు. బీప్ ఆపడానికి బకిల్‌లో దోపే డమ్మీ క్లిప్పు ఇంకా చెడ్డది. బెల్టు పెట్టుకున్నారని కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది, కొన్ని కార్లు దాన్ని బట్టే బ్యాగు ఎంత దెబ్బకు తెరవాలో నిర్ణయిస్తాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మేలో ఈ క్లిప్పులను ఆన్‌లైన్ అంగళ్ల నుంచి తీసేయించింది. బజార్లో అడిగితే ఇప్పటికీ ఇస్తారు. ముందు బంపర్‌కు ఇనుప గార్డు ఉంటే అదీ తీసేయాలి. దెబ్బ తగిలే తీరు మారి సెన్సర్ లెక్క తప్పుతుంది. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వీటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది.

పిల్లల్ని ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మన దగ్గర మామూలే. బ్యాగు తెరుచుకుంటే బిడ్డ బ్యాగుకూ పెద్దవాళ్లకూ మధ్య నలుగుతుంది. 12 ఏళ్ల లోపు పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలి. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును, ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్చు లేని ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు.

చివరగా డ్యాష్‌బోర్డ్. ఎడమ వైపు ప్యాసింజర్ బ్యాగు మూత మీద వేంకటేశ్వర స్వామి విగ్రహం, పక్కన పెర్‌ఫ్యూమ్ సీసా అతికించి ఉన్నాయి. మూత తెరుచుకుంటే రెండూ ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహానికే. హెయిర్ డ్రయర్‌తో జిగురు వెచ్చబెట్టి, చేపల గాలం దారంతో కోసి తీశాను. బ్లేడుతో గీకితే బ్యాగు తెరుచుకునే సన్నటి గీత దెబ్బతింటుంది. స్వామిని ఇప్పుడు ఆడియో సిస్టమ్ పైన, సరిగ్గా మధ్యలో, రెండు బ్యాగుల దారికీ అడ్డం లేకుండా పెట్టాం. పెర్‌ఫ్యూమ్ సీసా డోరు అరలోకి పోయింది.