చెనిక్కాయ కయ్యకు తడి ఎప్పుడు: 88 రోజుల లెక్క

చంద్రగిరి దగ్గర మా 20 సెంట్ల కయ్యలో చెనిక్కాయ (వేరుశనగ) వేసి ఈ రోజుకి 88 రోజులు. విత్తనం కదిరి 6. ఎర్ర నేల, ఇసుక పాలు ఎక్కువ, తడి పెట్టిన నాలుగో రోజుకే పైన పొడిబారిపోతుంది. పోయినేడు తిరుపతిలో డ్యూటీ చూసుకుని ఆదివారం ఆదివారం నీళ్లు పెట్టాను. చెట్లు గుబురుగా పెరిగాయి, పీకితే చెట్టుకు ఆరేడు కాయలు, సగం గింజ లేని లొట్టలు. అందుకే ఈసారి వారం చూడకుండా చెట్టు వయసు చూసి తడి ఇస్తున్నాను, నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

డిసెంబర్ 10న బాగా తడిపి పదునులో విత్తాను. ఆ తర్వాత 24 రోజులు చుక్క నీళ్లు లేవు. ఇదే నాకు అన్నిటికన్నా కష్టమైంది, మధ్యాహ్నం ఆకులు ముడుచుకుంటే టెన్షన్‌గా ఉండేది, మోటారు వేసేద్దామా అనిపించేది. పక్క చేను పెద్దాయన "సాయంత్రానికి ఆకు తేరుకుంటా ఉంది గదా నాయనా, ఉండు" అన్నాడు. ఆ మాట నిజం. మొదట్లో కాస్త దప్పిక పడితే వేరు లోపలికి దిగుతుంది, పైన అనవసరంగా పెరగదు, పూత ఒక్కసారిగా వస్తుంది.

భోగికి ముందు రోజే, 33వ రోజున, పసుపు పూలు కనిపించాయి. పండగ అయ్యాక కాల్షియం కోసం జిప్సం 40 కిలోలు (ఎకరాకు 200 లెక్కన) మొదళ్ల దగ్గర వేసి, మట్టి ఎగదోసి, తడి ఇచ్చాను. కాయకు కావాల్సిన కాల్షియం వేరు నుంచి అందదు, ఊడా (పూత తర్వాత మట్టిలోకి దిగి కాయ పట్టే కాడ), కాయా తమ చుట్టూ ఉన్న మట్టిలోంచే నేరుగా తీసుకుంటాయి. కాబట్టి లోపల ఎంత చెమ్మ ఉన్నా పై రెండు మూడు అంగుళాలు ఎండితే గింజ నిండదు. పోయినేడు ఊడలు దిగే టైంలో రెండు వారాలు నీళ్లు తప్పాయి, ఆ లొట్టలకు కారణం అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

45వ రోజు కూర్చుని ఒక్కో కొమ్మా ఎత్తి చూశాను. తడి బాగా పారిన చోట ఊడలు సూదుల్లా మట్టిలోకి దిగి ఉన్నాయి. గెనిమ (గట్టు) పక్కన, నీళ్లు సరిగా ఎక్కని మూలలో, పైమట్టి పెచ్చు కట్టింది. అక్కడి ఊడల మొనలు మట్టిని తాకి పక్కకు వంగి నల్లబడ్డాయి. వెంటనే పారతో మడవ మార్చి నీళ్లు అటు తిప్పాను. అప్పటి నుంచి 80వ రోజు దాకా ఎనిమిది రోజులకో తడి, డ్యూటీ ఉన్న రోజు కరెంటు టైం చూసుకుని పొద్దున్నే బండేసుకుని వచ్చేవాణ్ణి.

ఈ రోజు రెండు చెట్లు పీకాను. బాగా తడిసిన చోట 17 కాయలు, ఆ మూలలో 9. పెంకు లోపల ఇంకా తెల్లగానే ఉంది, నల్లబడే దాకా ఆగాలి. ఇక తడులు పన్నెండు రోజులకొకటి చేస్తాను. పీకే నాలుగైదు రోజుల ముందు మాత్రం ఒక పలచని తడి ఉంటుంది, లేకపోతే ఈ నేల బిగుసుకుపోయి కాయలు మట్టిలోనే తెగి మిగిలిపోతాయి.