అమ్మ గాలింపు, అమెరికన్ రివర్ బంగారం

మాది పత్తికొండ సైడు. తొలకరి వాన పడిందంటే చాలు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జనం తల వంచుకుని తిరుగుతా ఉంటారు, మా అమ్మ కూడా చిన్నప్పుడు తిరిగిందంట, గులకరాళ్ళు తప్ప ఏమీ దొరకలేదంట. అందుకేనేమో మొన్న అమెరికాలో, కాలిఫోర్నియా శాక్రమెంటోలో ఉన్న మా ఇంటికి వచ్చినప్పుడు "అమా, ఇక్కడ నదిలో బంగారం ఏరుకోవచ్చు, పోదామా" అంటే నవ్వలేదు. "ఎవురిదిరా ఆ నేల" అనింది.

అసలు ప్రశ్న అదే. సర్కారు నేల కదా అని ఎక్కడంటే అక్కడ తవ్వితే కుదరదు. ఫెడరల్ సర్కారు భూములు చూసుకునే బీఎల్‌ఎం నేలల్లో చేతి పనిముట్లతో సరదాగా వెతుక్కోవడానికి మామూలుగా అడ్డేమీ లేదు, కానీ 1872 మైనింగ్ చట్టం కింద ఆ ముక్క మీద ఎవరైనా క్లెయిమ్, అంటే తవ్వుకునే హక్కు, వేసి ఉంటే నడవచ్చు, కూర్చుని పులిహోర తినొచ్చు, బంగారం మాత్రం వాళ్ళదే. ఒక్క మనిషి వేసే క్లెయిమ్ 20 ఎకరాల దాకా ఉంటుంది. బీఎల్‌ఎం సైట్‌లో రికార్డులు చూడకుండా పోయి గుంత తీస్తే అది దొంగతనం కిందకే వస్తుంది.

అందుకే మేం అమెరికన్ రివర్ ఒడ్డున ఉన్న కొలోమా పోయినాం. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ రంపపు మిల్లు కాలవలో బంగారం చూసింది అక్కడే, ఇప్పుడది స్టేట్ పార్కు. నేను ఆన్‌లైన్‌లో కొన్న చిన్న పార, పారే నీళ్ళలో పెట్టి ఇసుక గాలించే స్లూయిస్ పెట్టె అన్నీ డిక్కీలో వేసుకుని పోయినా, తీరా చూస్తే అక్కడ రూలు ఒకటే: చేతులు, ప్యాను (ఇసుక గాలించే పళ్ళెం), అంతే. అదీ నదికి అవతలి ఒడ్డున మాత్రమే. అరవై డాలర్ల సామాను డిక్కీలోనే నిద్రపోయింది. స్టేట్ పార్కుల్లో ఇంకా ఉన్నాయి, మనిషికి రోజుకి 15 పౌండ్లకి మించి రాయీ రప్పా తీసుకోకూడదు, మన బురద నీళ్ళు 20 అడుగులు దాటి కనపడకూడదు, దొరికింది అమ్ముకోకూడదు.

నేను యూట్యూబ్ చూసి నేర్చుకున్నట్టు ప్యాను గిరగిరా తిప్పతా ఉంటే అమ్మ కాసేపు చూసి "ఇట్లియ్యి, బియ్యం గాలించడం కూడా రాదు నీకు" అని లాక్కుంది. నిజమే కదా, ఇసుక నీటి కంటే రెండున్నర రెట్లు బరువు, బంగారం 19 రెట్లు, నీళ్ళతో ఊపితే తేలికది పోతుంది, బరువుది అడుక్కి చేరుతుంది, ఇంతే కత. మూడో ప్యానుకి నల్ల ఇసుక అంచున నాలుగు నలకలు. ఆవగింజలో పావు కూడా లేవు, ముక్కుపుడకకి కూడా చాలవు, అయినా నా గుండె మాత్రం దడదడ.

నదిలో మోటారు పెట్టి పైపుతో ఇసుక పీల్చే సక్షన్ డ్రెడ్జింగ్ కాలిఫోర్నియాలో 2009లోనే ఆపేసినారు. కేసు పడ్డ ఒకాయన 1872 చట్టం నాకు హక్కు ఇచ్చిందని వాదిస్తే 2016లో రాష్ట్ర సుప్రీం కోర్టు కుదరదనేసింది. నాకైతే సబబే అనిపించింది. మార్షల్ తర్వాత బంగారం కోసం జనం ఎగబడిన కాలంలో బంగారం పట్టడానికి పోసిన పాదరసం ఇంకా ఈ నదుల అడుగునే ఉంది, దాన్ని కెలికితే చేపల్లోకి, వాటినుంచి మన ప్లేట్లోకి.

ఇంటికొచ్చి నేను ఆ నలకల్ని చిన్న సీసాలో వేసుకుని అందరికీ వాట్సాప్‌లో ఫొటోలు పంపే పనిలో ఉన్నా. వంటింట్లోకి పోయి చూస్తే అమ్మ అదే ప్యానులో కందిపప్పు గాలిస్తా ఉంది. "అమా, దాంట్లో పాదరసం ఉంటుందని చెప్తిని కదా!"

"కడిగినాలేరా. దీని అంచున ఈ గాడులు భలే ఉన్నాయి, పోయేటప్పుడు నాకొకటి కొనియ్యి."

పప్పు పారబోసినాం. కొత్త ప్యాను ఆర్డర్ పెట్టినా.